మొదటి రాత

1. రేకుపెట్టెలో కాగితం

అది కొల్లేటి లంకలో ఒక ఊరు. ఊరి చుట్టూ నీళ్లు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేట్లో పడతాయి. కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. నీళ్లు తొందరగా లాగకపోతే ఊరి దారి మునిగిపోతుంది. వెనకటి రోజుల్లో అలాంటప్పుడు దోనె మీదే రాకపోకలు.

ఆ ఊళ్లో ఒక ఇంట్లో అత్తా కోడలూ ఉన్నారు. వాళ్లకు ఈ పాఠంలో పేర్లు పెట్టలేదు. పాఠం అయిపోయాక పేర్లు మీరే పెట్టాలి.

అత్తకు అరవై దాటాయి. కోడలికి ముప్పై అయిదు. కోడలు చిన్నప్పుడు బడికి పోలేదు. తల్లి వెంట చేపల చెరువుల మీద పనికి పోయింది. ఈమధ్యనే రాత్రి బడిలో చేరింది. గుణింతాలు వచ్చాయి. తన పేరు రాస్తుంది. కూడబలుక్కుని చదువుతుంది.

ఒకనాటి సాయంత్రం కోడలు దిగులుగా కూర్చుంది. అత్త చూసింది.

"ఏమ్మా, అలా ఉన్నావు?"

"రేపు ఏలూరు బ్యాంకుకి వెళ్లాలత్తా. డ్వాక్రా సంఘం లోను వచ్చింది. పదిమందీ సంతకాలు పెట్టాలంట."

"పెట్టు. నీకు వచ్చుగా?"

"ఇంట్లో పలక మీద వస్తది. అక్కడ అంతమంది ముందు చెయ్యి వణుకుద్ది. అక్షరం వంకర పోతే నవ్వుతారు. ఎందుకొచ్చిన గొడవ? ఎప్పట్లాగే వేలిముద్ర వేసేస్తాను."

అత్త ఏమీ అనలేదు. మంచం కింద నుంచి రేకుపెట్టె బయటికి లాగింది. పాత చీరల అడుగున ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులోంచి ఒక కాగితం తీసింది. అది పాత ఇన్లాండు ఉత్తరం. నీలం రంగు వెలిసిపోయింది. మడతల దగ్గర చిరిగింది.

"ఇది చదువు" అంది.

కోడలు దీపం వెలుగులో పెట్టుకుని మెల్లగా చదివింది.

"అమ్మకి. నేను బాగునాను. పిలోడికి జొరం తగింది. చేపలు పడటం లేదు. నా గాజులు సారాకి పొయాయి. నాకు కస్టంగా ఉంది. నువు రా. ఇది నేనే రాసాను. ఎవురికి చెపలేదు."

కోడలు తలెత్తి చూసింది.

"ఇది నువ్వు రాశావా అత్తా?"

"నేనే. నా బతుకులో కాగితం మీద రాసిన మొదటి రాత అదే."

కోడలు మళ్లీ చదివింది. ఉత్తరం మీద తేదీ లేదు. పోస్టాఫీసు ముద్రలో 93 అన్న అంకె మాత్రం కనిపించింది.

2. అంతా క్షేమం

అత్త చెప్పసాగింది.

"మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం పక్క పల్లె. పెళ్లయి ఈ లంకకు వచ్చాను. మా అమ్మకు ఉత్తరం రాయించాలంటే ఊళ్లో చదువొచ్చిన మనిషి దగ్గరికి పోవాలి. ఆయన అరుగు మీద కూర్చుని రాసేవాడు. మీ మామ పక్కనే నిలబడేవాడు. నేను గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. ఏం రాయమంటావమ్మా అని అడిగితే ఏం చెప్పను? అంతమంది ముందు ఏం చెబుతాను? 'మేము ఇక్కడ అంతా క్షేమం. మీరు అక్కడ క్షేమమని తలుస్తాను' అని రాసేవాడు. క్షేమంగా ఉన్నా అదే రాత. లేకపోయినా అదే రాత."

"మరి రాయడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. పదో తరగతి చదివిన పిల్ల మాకు చదువు చెప్పేది. రాత్రి అన్నాలయ్యాక లాంతరు చుట్టూ కూర్చునేవాళ్లం. మూడు వాచకాలు. మొదటి వాచకం సగం అయ్యేసరికి చాలామంది మానేశారు. నేను మానలేదు. నాకు మా అమ్మకి ఉత్తరం రాయాలని ఉండేది."

ఆ ఉత్తరం రాయడానికి అత్తకు మూడు రాత్రులు పట్టింది. ముందు పలక మీద రాసింది. చెరిపింది. మళ్లీ రాసింది. కార్డు మీద రాస్తే దారి పొడుగునా అందరూ చదువుతారు. అందుకని ఇన్లాండు కవరు తెప్పించుకుంది. చిరునామా మాత్రం చదువు చెప్పే పిల్లచేత రాయించింది. లోపలి మాట ఆ పిల్లకు కూడా చూపించలేదు. అంటించి పోస్టు డబ్బాలో వేసింది.

"మీ అమ్మకి చదువు వచ్చా అత్తా?"

"రాదు. పక్కింటి వాళ్ల అమ్మాయి బడికి పోతుంది. ఆ పిల్లచేత చదివించుకుంది. నాలుగో రోజు మధ్యాహ్నం దోనె దిగింది మా అమ్మ. చేతిసంచిలో గూడెం మార్కెట్ ఉల్లిపాయలు. ఇంట్లోకి వచ్చి నా చేతులు చూసింది. గాజుల్లేవు. మీ మామను కూర్చోబెట్టి మాట్లాడింది. అరవలేదు. తిట్టలేదు. రెండు రోజులు ఉండి మాట్లాడింది."

"మామ సారా మానేశాడా?"

"వెంటనే మానలేదు. మళ్లీ నా వస్తువు మాత్రం ముట్టుకోలేదు. నా బాధ వినే మనిషి ఉందని ఆయనకి తెలిసింది. ఆ సంగతి నాకూ తెలిసింది."

ఆ ఉత్తరాన్ని తల్లి పారేయలేదు. చదవడం రాకపోయినా పెట్టెలో దాచుకుంది. ఆమె పోయాక పెట్టె తీస్తే కూతురికి దొరికింది.

కోడలు ఉత్తరం చేతిలో పట్టుకుని నవ్వింది.

"అత్తా, ఇందులో ఎన్ని తప్పులున్నాయో!"

"ఉన్నాయి మరి. అయినా మా అమ్మ వచ్చింది."

3. అదే రోజుల్లో

అత్త ఇంట్లో జరిగినట్టే ఎన్నో ఇళ్లలో జరిగింది. సారా వల్ల కూలి డబ్బులు పోయేవి. పిల్లల తిండి పోయేది. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. అక్కడి ఆడవాళ్లు కూడా అక్షరాస్యతా కేంద్రంలో చదువుకున్నారు. వాళ్లు చదివిన పాఠాల్లో సీతమ్మ కథ ఒకటి. సీతమ్మ ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి సారా దుకాణం మూయించిన కథ అది. చదివాక వాళ్లు మాట్లాడుకున్నారు. ఇది మన కథే అనుకున్నారు. తమ ఊళ్లో సారాను అడ్డుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలిసింది. 1992లో ఆ ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు.

1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 100 మంది ఆడవాళ్లలో దాదాపు 33 మందికే చదవడం, రాయడం వచ్చు. మిగిలినవాళ్లు తమ మాట ఇంకొకరి చేత రాయించుకోవాల్సిందే.

4. ఏలూరులో అచ్చయిన మాటలు

అత్త ఉత్తరం ఒక్క తల్లికి చేరింది. ఆడవాళ్ల రాతలు ఊరూరా చేరిన కథ ఒకటి ఉంది. అది ఇంకా పాతది. అది మొదలయింది కూడా ఏలూరులోనే.

1902లో ఏలూరు నుంచి ఒక పత్రిక వచ్చింది. దాని పేరు 'హిందూ సుందరి'. సత్తిరాజు సీతారామయ్య గారు దాన్ని పెట్టారు. అది ఆడవాళ్ల కోసం పెట్టిన పత్రిక. ఆడవాళ్లే సంపాదకులుగా పనిచేశారు. ఆడవాళ్లు అందులో వ్యాసాలు రాశారు. కథలు రాశారు. అంతకు ముందు వాళ్లలో చాలామంది పేరు అచ్చులో చూసుకుని ఎరగరు.

ఆ రోజులు ఎలాంటివో తెలుసా? 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 1,000 మంది ఆడవాళ్లలో ఆరుగురికి మాత్రమే చదువు వచ్చు. ఆడపిల్ల చదివితే ఇల్లు పాడవుతుందని అనేవాళ్లు ఉండేవారు.

హిందూ సుందరిలో రాసినవాళ్లలో భండారు అచ్చమాంబ గారు ఒకరు. ఆమె 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్లకే పెళ్లి చేశారు. ఆమెను బడికి పంపలేదు. భర్త ఉద్యోగం దూరాన, నాగపూరు వైపు. తమ్ముడు కూడా వాళ్ల దగ్గరే ఉండి చదువుకున్నాడు. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు గారు. తరవాత తెలుగులో పెద్ద పండితుడిగా పేరు పొందారు.

తమ్ముడు చదువుకుంటుంటే అక్క కూడా చదువుకుంది. తెలుగు నేర్చుకుంది. ఆపైన హిందీ, మరాఠీ నేర్చుకుంది. తనకంటే చిన్నవాడి దగ్గర నేర్చుకోవడం నామోషీ అనుకోలేదు.

అలా నేర్చిన మనిషి 1902లో హిందూ సుందరిలో ఒక కథ రాశారు. దాని పేరు 'ధనత్రయోదశి'. పండుగ పూట ఒక పేద ఇంట్లో డబ్బు లేదు. భర్త పరాయి సొమ్ము తెస్తాడు. భార్య ఆ సొమ్ము ముట్టదు. తిరిగి ఇచ్చేయమని భర్తకు చెబుతుంది. కథ అదే. 1910లో గురజాడ అప్పారావు గారు రాసిన 'దిద్దుబాటు'ను చాలాకాలం తెలుగులో మొదటి కథ అన్నారు. అచ్చమాంబ గారి కథ అంతకు ఎనిమిదేళ్ల ముందే వచ్చిందని తరవాత గుర్తించారు. ఇప్పుడు చాలామంది దాన్నే తెలుగులో మొదటి కథ అంటున్నారు.

అచ్చమాంబ గారు కథలతో ఆగలేదు. గొప్ప స్త్రీల జీవితాలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే పుస్తకం రాశారు. బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి స్త్రీల సమాజం పెట్టారు. 1905లో, ముప్పై ఏళ్లకే చనిపోయారు.

ఒకరు పేరున్న రచయిత్రి. ఒకరు చేపలు పట్టే ఇంటి కోడలు. ఇద్దరూ చిన్నప్పుడు బడికి పోలేదు. ఇద్దరూ పెళ్లయ్యాకే చదువుకున్నారు. ఇద్దరూ ఇంటి సంగతే రాశారు. ఆడదాని మాట, ఇంట్లో డబ్బు సంగతి. అంతకంటే పెద్ద విషయం మొదటి రాతకు అక్కర్లేదు.

5. రెండో రాత

అత్త మొదటి ఉత్తరంతో ఆపలేదు. ఆపి ఉంటే అక్షరాలు మరిచిపోయేది. అలా మరిచిపోయినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. అప్పుడు సంతకం నేర్చినవాళ్లే ఇప్పుడు మళ్లీ వేలిముద్ర వేస్తున్నారు. కత్తిపీట వాడకపోతే తుప్పు పడుతుంది. నేర్చిన అక్షరం కూడా అంతే.

కొల్లేటి ఊళ్లలో చుట్టూ నీళ్లే. తాగడానికి మాత్రం కష్టం. పట్నాల మురుగు, చేపల చెరువుల నీళ్లు వచ్చి కొల్లేట్లో కలుస్తాయి. ఒక ఎండాకాలం ఊరి ఆడవాళ్లంతా కూడారు. అందరూ గొడవ చేశారుగానీ రాసేవాళ్లు లేరు. అత్త కాగితం తీసింది. అర్జీ రాసింది. అందరూ సంతకాలు పెట్టారు. రానివాళ్లు వేలిముద్ర వేశారు.

మొదటి అర్జీకి జవాబు లేదు. రెండో అర్జీకి "చూస్తాం" అన్నారు. మూడోసారి పాత రెండు అర్జీల నకళ్లు కూడా జతచేశారు. అప్పుడు నీళ్ల ట్రాక్టరు వచ్చింది. నకలు దాచకపోతే రెండుసార్లు అడిగిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

అర్జీ ఇలా రాయాలి:

తేదీ: ..............
ఊరు: ..............

కలెక్టరు గారికి, ఏలూరు.

అయ్యా / అమ్మా,

మా ఊరి పేరు ........... మా మండలం ...........
మా ఊళ్లో తాగునీళ్లు లేవు. ........... రోజుల నుంచి ఇబ్బంది పడుతున్నాం.
వారానికి ........... సార్లు నీళ్ల ట్రాక్టరు పంపించమని కోరుతున్నాం.

ఇట్లు,
(సంతకాలు)

అర్జీలో మూడు సంగతులు ఉంటే చాలు. ఎవరు అడుగుతున్నారు? ఏమిటి ఇబ్బంది? ఏం చేయాలి? కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. అర్జీ ఇచ్చాక రసీదు అడగాలి. నకలు ఇంట్లో దాచాలి.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా కొత్తగా ఏర్పడింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉంది. ఆ జిల్లాకు ఇప్పుడు ముఖ్య పట్టణం భీమవరం. ఏ ఊరివాళ్లు ఏ జిల్లా ఆఫీసుకు రాయాలో చూసుకుని రాయాలి.

6. వేలిముద్రా, సంతకమా?

"అత్తా, ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లు ఉన్నాయి. ఇంక రాయడమెందుకు?" అని కోడలు అడిగింది.

"ఫోనులో మీ అమ్మతో మాట్లాడతావు. మంచిదే. బ్యాంకువాళ్లు ఫోనులో మాట తీసుకుంటారా? అప్పు ఇచ్చినాయన రేపు కాదంటే ఏం చూపిస్తావు?" అంది అత్త.

వేలిముద్ర తప్పు కాదు. అది కూడా చెల్లుతుంది. చదవడం వచ్చినా రాకపోయినా, కాగితంలో ఏముందో తెలియకుండా దాని మీద వేలు వేయడమే ప్రమాదం. ఎంత అప్పో, ఎంత వడ్డీయో, ఎన్నాళ్లకో తెలియదు. తరవాత "నువ్వే వేశావుగా" అంటారు. సంతకం పెట్టేవాళ్లు కూడా చదవకుండా పెడితే అంతే.

అందుకని ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఖాళీ చెక్కు మీద కూడా పెట్టకూడదు.

ముందు చదవాలి. అర్థం కాని మాట ఉంటే అడగాలి. ఇంటికి తీసుకెళ్లి చదివించుకుంటానని చెప్పవచ్చు. తొందర పెట్టే మనిషి ఉంటే ఇంకా నెమ్మదిగా చదవాలి.

రూపాయలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉన్నాయేమో చూడాలి. రెండూ ఒకటే ఉండాలి.

రాత అయిపోయిన చోట ఖాళీ ఉంటే గీత కొట్టాలి. తరవాత ఎవరూ ఏమీ చేర్చకుండా ఉంటుంది.

సంతకం కింద తేదీ వేయాలి. సంతకం ఎప్పుడూ ఒకేలా పెట్టాలి. అందంగా ఉండక్కర్లేదు.

బ్యాంకు ఖాతా వేలిముద్ర మీద ఉంటే సంతకానికి మార్చుకోవచ్చు. పాసుపుస్తకం, గుర్తింపు కార్డు, ఫోటో తీసుకుని వెళ్లి అడగాలి. వాళ్లిచ్చిన కాగితం మీద నమూనా సంతకం పెట్టాలి.

7. మరునాడు

మరునాడు పదిమందీ ఏలూరు వెళ్లారు. బ్యాంకులో కాగితాలు ముందు పెట్టారు. పక్కన ముద్ర వేసే సిరాపెట్టె కూడా ఉంది. కోడలు దానివైపు చూసింది. తరవాత కాగితంవైపు చూసింది.

"ఒక్క నిమిషం ఆగండి. చదువుకుంటాను" అంది.

కూడబలుక్కుని చదివింది. సంఘం పేరు ఉంది. అప్పు ఎంతో ఉంది. నెలకు ఎంత కట్టాలో ఉంది. వడ్డీ దగ్గర ఒక మాట అర్థం కాలేదు. అడిగింది. బ్యాంకు ఆయన చెప్పాడు. వెనకున్న ఆడవాళ్లు కూడా ముందుకు వంగి విన్నారు. వాళ్లకీ అది తెలియదు.

కోడలు కలం తీసుకుంది. చెయ్యి వణికింది. రెండో అక్షరం గీత కిందికి జారింది. ఎవరూ నవ్వలేదు.

"కింద తేదీ వేయండమ్మా" అన్నాడు ఆయన.

తేదీ కూడా వేసింది.

ఆ రాత్రి కోడలు నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చించింది. దీపం దగ్గర కూర్చుని రాసింది. "ఈ రోజు ఏలూరు బ్యాంకులో సంతకం పెట్టాను. వడ్డీ గురించి అడిగాను." పైన తేదీ వేసింది. అత్తకు చూపించింది.

అత్త చదివి మడత పెట్టింది. రేకుపెట్టె తీసి తన ఉత్తరం పక్కనే పెట్టింది.

కొత్త మాటలు

క్షేమం: ఏ ఆపదా లేకుండా బాగుండడం
నకలు: ఒక కాగితంలో ఉన్నది ఉన్నట్టు తీసిన మరో కాగితం
అర్జీ: అధికారులకు మన కష్టం చెప్పి రాసే కాగితం
సంపాదకులు: పత్రికలో ఏది వేయాలో చూసేవాళ్లు
నమూనా సంతకం: సరిచూసుకోవడానికి బ్యాంకువాళ్లు దాచుకునే సంతకం

మాట్లాడుకోండి

1. అరుగు మీద రాయించిన ఉత్తరంలో అత్త తన మాట ఎందుకు చెప్పలేకపోయింది?
2. చదువు రాని తల్లి ఆ ఉత్తరాన్ని అన్నేళ్లు ఎందుకు దాచుకుంది?
3. మీ ఊళ్లో చదువు నేర్చి మళ్లీ మరిచిపోయినవాళ్లు ఉన్నారా? ఎందుకు మరిచిపోయారు?
4. చదవకుండా వేలిముద్ర వేసి నష్టపోయిన సంగతి మీకు తెలుసా?

రాయండి

1. ఈ అత్తకూ కోడలికీ మీకు నచ్చిన పేర్లు పెట్టండి. రాయండి.
2. అత్త ఉత్తరంలో తప్పులు దిద్ది మళ్లీ రాయండి.
3. మీరు మొట్టమొదట రాసింది ఏమిటి? ఎక్కడ రాశారు? పలక మీదా, కాగితం మీదా? ఎవరికి చూపించారు? అయిదు వాక్యాలు రాయండి. పైన తేదీ వేయండి. ఆ కాగితం దాచుకోండి.